పేరెంట్ మారితే ఎలిమెంట్‌లో ఏం మిగులుతుంది, ఏం పోతుంది

వెబ్ పేజీలో ఒక ఎలిమెంట్‌ను ఒకచోటి నుంచి తీసి మరోచోట పెట్టడానికి ఒక్క లైన్ కోడ్ చాలు. కొత్త పేరెంట్ (దాన్ని తన లోపల పెట్టుకునే ఎలిమెంట్) మీద అపెండ్‌చైల్డ్ కాల్ చేసి ఆ ఎలిమెంట్‌ను ఇస్తే, అది పాత పేరెంట్ కింద మాయమై కొత్త పేరెంట్ కింద కనిపిస్తుంది. పాతచోట విడిగా తీసెయ్యాల్సిన అవసరం కూడా లేదు. ఇంత సులువైన పని తర్వాత వచ్చే బగ్‌లు మాత్రం ఒకదానికొకటి పొంతన లేనట్టు ఉంటాయి. సైడ్‌బార్ నుంచి కిందికి జరిపిన ఐఫ్రేమ్ (పేజీ లోపల మరో పేజీని చూపే ఎలిమెంట్) మొదటి నుంచి లోడవుతుంది. బాడీ చివరికి జరిపిన పాపప్‌లో సబ్మిట్ బటన్ నొక్కితే ఏమీ జరగదు. ఆరు కార్డులు జరపమంటే మూడే జరుగుతాయి.

వీటన్నింటికీ మూలం ఒకటే. డామ్‌లో, అంటే బ్రౌజర్ పేజీని చెట్టులా పెట్టుకునే రూపంలో, ఒక నోడ్‌కు (ఎలిమెంట్, టెక్స్ట్ లాంటి ఒక్కో ముక్కకు) ఎప్పుడూ ఒక్క పేరెంటే ఉండాలి. అందుకే అప్పటికే ఒకచోట ఉన్న నోడ్‌ను ఇంకోచోట చేర్చమంటే బ్రౌజర్ ముందు దాన్ని పాతచోటి నుంచి తొలగించి, తర్వాత కొత్తచోట చేరుస్తుంది. అపెండ్‌చైల్డ్, ఇన్సర్ట్‌బిఫోర్, అపెండ్, ప్రీపెండ్, బిఫోర్, ఆఫ్టర్, రీప్లేస్‌విత్, ఇవన్నీ చేసేది అదే. మనకు జరిపినట్టు కనిపిస్తుంది కానీ, లోపల జరిగేది ఒక తొలగింపు, ఒక చేర్పు. ఆ రెండింటి మధ్య క్షణకాలం ఆ ఎలిమెంట్ పేజీలోనే లేదు.

కాబట్టి ఏదైనా జరిపే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి: మనకు కావాల్సిన సమాచారం ఎక్కడ ఉంది? నోడ్‌లోనే ఉంటే దానితో పాటే వెళ్తుంది. పేజీతో ఉన్న బంధంలో ఉంటే తెగిపోతుంది. చుట్టూ ఉన్న పై ఎలిమెంట్ల మీద ఆధారపడి ఉంటే మారిపోతుంది.

నోడ్‌తో పాటే వెళ్లేవి

జావాస్క్రిప్ట్ దృష్టిలో జరిపిన తర్వాత కూడా అది అదే ఆబ్జెక్ట్. యాడ్‌ఈవెంట్‌లిజనర్‌తో తగిలించిన లిజనర్లు (క్లిక్ లాంటివి జరిగినప్పుడు నడిచే ఫంక్షన్లు), మనం దాని మీద రాసుకున్న సొంత ప్రాపర్టీలు, వీక్‌మ్యాప్‌లో దాన్నే కీగా పెట్టి దాచుకున్న సమాచారం, ఇన్‌పుట్‌లో యూజర్ టైప్ చేసిన అక్షరాలు, చెక్‌బాక్స్ టిక్కు, క్యాన్వాస్ మీద గీసిన బొమ్మ, అన్నీ చెక్కుచెదరవు. ఒకసారి నడిచిన స్క్రిప్ట్ ట్యాగ్‌ను జరిపినా అది రెండోసారి నడవదు.

ఈ భద్రత నిజంగా నోడ్‌ను జరిపినప్పుడే దక్కుతుంది. చాలామంది పాత పేరెంట్ ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌ను చదివి, కొత్త పేరెంట్‌కు రాసి, పాతదాన్ని ఖాళీ చేస్తారు. అది జరపడం కాదు, పాతవాటిని చంపి కొత్తవి పుట్టించడం. లిజనర్లు పోతాయి. యూజర్ టైప్ చేసినది కూడా పోతుంది, ఎందుకంటే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లోకి వచ్చేది వేల్యూ ఆట్రిబ్యూట్ మాత్రమే, ప్రస్తుత విలువ కాదు. క్యాన్వాస్ ఖాళీ అవుతుంది. కొత్త పేరెంట్‌కు ప్లస్‌ఈక్వల్స్‌తో కలిపి రాస్తే అక్కడ ముందు నుంచీ ఉన్న పిల్లలు కూడా చెరిగి మళ్లీ పుడతారు, వాటి లిజనర్లూ పోతాయి.

క్లోన్‌నోడ్ దీనికంటే కాస్త మెరుగు, అయినా అదీ నకలే. ఇన్‌పుట్‌లో, టెక్స్ట్‌ఏరియాలో టైప్ చేసినది నకలులోకి వస్తుంది కానీ సెలెక్ట్ బాక్స్‌లో యూజర్ ఎంచుకున్న ఆప్షన్ రాదు. లిజనర్లు రావు. ఐడీ మాత్రం వస్తుంది. అసలుదాన్ని తీసెయ్యడం మరిచిపోతే ఒకే ఐడీతో రెండు ఎలిమెంట్లు మిగిలి, లేబుళ్లు తప్పు ఇన్‌పుట్‌కు అతుక్కుంటాయి. ఒకే వస్తువు రెండు చోట్ల కావాలంటేనే క్లోన్ చేయాలి.

పేజీ నుంచి విడిపడగానే పోయేవి

అన్నిటికంటే పెద్ద నష్టం ఐఫ్రేమ్‌కు. పేజీ నుంచి తొలగించిన క్షణంలోనే దాని లోపలి డాక్యుమెంట్ నాశనమవుతుంది. తిరిగి చేర్చగానే ఎస్‌ఆర్‌సీలో ఉన్న చిరునామా నుంచి కొత్తగా లోడవుతుంది. పేమెంట్ ఫారం ఐఫ్రేమ్‌లో ఉంటే యూజర్ కొట్టిన కార్డు నంబరు పోతుంది, మ్యాప్ మొదటి స్థానానికి వెళ్లిపోతుంది. ఐఫ్రేమ్‌నే జరపాల్సిన పని లేదు. దాన్ని కడుపులో పెట్టుకున్న డివ్‌ను జరిపినా అంతే.

వీడియో, ఆడియో ట్యాగ్‌లు కొంత ఓర్చుకుంటాయి. ఎలిమెంట్ పేజీ నుంచి పోయినా, నడుస్తున్న కోడ్ ముగిసేదాకా బ్రౌజర్ ఆగి చూస్తుంది. అప్పటికి అది మళ్లీ పేజీలోనే ఉంటే ఆపదు. అందుకే అపెండ్‌చైల్డ్‌తో ఒక్క దెబ్బలో జరిపిన వీడియో ఆడుతూనే ఉంటుంది. రిమూవ్ కాల్ చేసి, మధ్యలో అవెయిట్‌తో సర్వర్ జవాబు కోసమో టైమర్ కోసమో ఆగి, తర్వాత చేరిస్తే ఆగిపోతుంది. తీయడం, పెట్టడం మధ్య అవెయిట్ గానీ సెట్‌టైమౌట్ గానీ ఉండకూడదని నియమం పెట్టుకుంటే చాలు.

ఫోకస్ పోతుంది. యూజర్ కర్సర్ ఉన్న ఇన్‌పుట్‌ను జరిపితే యాక్టివ్‌ఎలిమెంట్ బాడీ అయిపోతుంది, మొబైల్‌లో కీబోర్డు మూసుకుపోవచ్చు. విరుగుడు ఇలా చేయాలి: జరిపే ముందు యాక్టివ్‌ఎలిమెంట్‌ను ఒక వేరియబుల్‌లో పట్టుకోవాలి, జరిపే ఎలిమెంట్ దాన్ని కంటెయిన్ చేస్తుందో లేదో చూడాలి, చేస్తే, టెక్స్ట్ ఇన్‌పుట్ అయిన పక్షంలో సెలెక్షన్‌స్టార్ట్, సెలెక్షన్‌ఎండ్ కూడా రాసుకోవాలి, జరిపాక ప్రివెంట్‌స్క్రోల్ ఆప్షన్‌తో ఫోకస్ ఇచ్చి, సెట్‌సెలెక్షన్‌రేంజ్‌తో కర్సర్‌ను పాతచోట నిలపాలి.

తెలుగులో టైప్ చేసేవాళ్లకు ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునే కీబోర్డుల్లో చాలావాటికి పదం పూర్తయ్యేదాకా కంపోజిషన్ నడుస్తూ ఉంటుంది. మధ్యలో ఆ ఇన్‌పుట్‌ను జరిపితే ఫోకస్‌తో పాటు కంపోజిషన్ కూడా తెగి, సగం పదమే మిగలవచ్చు. డెస్క్‌టాప్‌లో ఇంగ్లిష్ టైప్ చేసి పరీక్షిస్తే ఈ బగ్ ఎన్నడూ కనపడదు. కంపోజిషన్‌స్టార్ట్ వచ్చాక కంపోజిషన్‌ఎండ్ వచ్చేదాకా ఆ ఇన్‌పుట్‌ను గానీ దాని పైవాటిని గానీ కదపకూడదు. సెర్చ్ బాక్స్‌లో టైప్ చేస్తుండగా లేఅవుట్ మార్చే పేజీలు దీన్ని తప్పక చూసుకోవాలి.

లోపల స్క్రోల్ అయ్యే పెట్టె జరిపితే పైకి వెళ్లిపోతుంది, కాబట్టి స్క్రోల్‌టాప్ ముందే చదివి తర్వాత తిరిగి రాయాలి. సీఎస్‌ఎస్ యానిమేషన్లు మొదటి నుంచి మొదలవుతాయి. ఫుల్‌స్క్రీన్ నుంచి బయటికి వస్తుంది. తెరిచిన పాపోవర్ మూసుకుంటుంది. షోమోడల్‌తో తెరిచిన డైలాగ్ పరిస్థితి ఇంకా విచిత్రం: ఓపెన్ ఆట్రిబ్యూట్ మిగిలి ఉంటుంది కాబట్టి తెర మీద కనిపిస్తుంది, కానీ మోడల్ లక్షణం పోయి వెనకున్న పేజీ క్లిక్‌లకు దొరుకుతుంది. కస్టమ్ ఎలిమెంట్లలో (మనమే తయారుచేసుకున్న ట్యాగ్‌లలో) డిస్‌కనెక్టెడ్‌కాల్‌బ్యాక్, వెంటనే కనెక్టెడ్‌కాల్‌బ్యాక్ నడుస్తాయి. కనెక్టెడ్‌కాల్‌బ్యాక్‌లోనే లోపలి హెచ్‌టీఎంఎల్ కట్టి, లిజనర్లు తగిలించే రకమైతే జరిపిన ప్రతిసారీ అవి రెట్టింపవుతాయి. ఒకసారి కట్టామని గుర్తు పెట్టుకునే ఫ్లాగ్ ఒకటి అందులో ఉండి తీరాలి.

మూవ్‌బిఫోర్

ఈ నష్టాలన్నీ చూశాక నిజంగా జరపడం అనే పని బ్రౌజర్‌కే నేర్పితే పోలేదా అనిపిస్తుంది. దాన్నే మూవ్‌బిఫోర్‌గా తెచ్చారు. క్రోమ్ 133లో, 2025 ఫిబ్రవరిలో వచ్చింది. ఫైర్‌ఫాక్స్ 144లో, అదే ఏడాది అక్టోబరులో వచ్చింది. ఇది తొలగింపు, చేర్పు లేకుండా ఎలిమెంట్‌ను ఒకేసారి కొత్త పేరెంట్ కిందికి తెస్తుంది. ఐఫ్రేమ్ మళ్లీ లోడవదు. ఫోకస్ నిలుస్తుంది. యానిమేషన్లు, ట్రాన్సిషన్లు ఎక్కడున్నాయో అక్కడి నుంచే సాగుతాయి. ఫుల్‌స్క్రీన్, పాపోవర్, మోడల్ డైలాగ్ తమ స్థితిలోనే ఉంటాయి.

వాడకం ఇన్సర్ట్‌బిఫోర్ లాంటిదే: మొదటిది జరపాల్సిన నోడ్, రెండోది దేని ముందు పెట్టాలో ఆ నోడ్. చివర పెట్టాలంటే రెండోదానికి నల్ ఇవ్వాలి, వదిలేస్తే ఎర్రర్ వస్తుంది. ఇందులోని షరతులు కఠినమైనవి. జరిపే నోడ్, కొత్త పేరెంట్ రెండూ ఒకే డాక్యుమెంట్ చెట్టులో ఉండాలి. ఇప్పుడే క్రియేట్‌ఎలిమెంట్‌తో చేసి ఇంకా పేజీలో పెట్టనిదాన్ని ఇస్తే హయరార్కీరిక్వెస్ట్‌ఎర్రర్ విసురుతుంది. ఒక డాక్యుమెంట్ నుంచి మరోదానికి జరపదు. డాక్యుమెంట్‌ఫ్రాగ్మెంట్‌ను ఒప్పుకోదు. కాబట్టి ఎలిమెంట్ ప్రోటోటైప్‌లో మూవ్‌బిఫోర్ ఉందా అని ఒకసారి, నోడ్, పేరెంట్ రెండూ ఈజ్‌కనెక్టెడ్ అవునా అని ఒకసారి చూసి, రెండూ సరే అయితే దీన్ని, లేకపోతే అవే విలువలతో ఇన్సర్ట్‌బిఫోర్‌ను కాల్ చేసే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకుని అంతటా దాన్నే వాడటం మంచిది.

కస్టమ్ ఎలిమెంట్ రాసేవాళ్లు కనెక్టెడ్‌మూవ్‌కాల్‌బ్యాక్ అనే కొత్త మెథడ్ పెట్టాలి, ఖాళీగా ఉన్నా సరే. అది లేకపోతే బ్రౌజర్ పాత పద్ధతిలోనే డిస్‌కనెక్టెడ్, కనెక్టెడ్ రెండింటినీ నడుపుతుంది. డామ్ మార్పులను గమనించే మ్యుటేషన్‌అబ్జర్వర్‌కు మాత్రం ఇప్పటికీ పాతచోట ఒక తొలగింపు, కొత్తచోట ఒక చేర్పుగానే కబురు అందుతుంది.

చుట్టూ ఉన్నవి మారితే మారేవి

మూవ్‌బిఫోర్ కూడా కాపాడలేనివి ఇవి. చోటు మారాక చుట్టుపక్కల ప్రభావం మారడం సహజమే, దాన్ని ముందే ఊహించకపోవడమే సమస్య.

ఫారంతో మొదలుపెడితే, ఇన్‌పుట్ గానీ బటన్ గానీ ఏ ఫారంకు చెందుతుందో దాని పై ఎలిమెంట్లే నిర్ణయిస్తాయి. ఫారం లోపలి పాపప్‌ను బాడీ చివరికి జరిపితే అందులోని సబ్మిట్ బటన్‌కు ఫారం ఉండదు. నొక్కితే ఎర్రర్ కూడా రాదు, ఊరికే ఉంటుంది. పాపప్‌లోని ఇన్‌పుట్‌ల విలువలు సర్వర్‌కు వెళ్లవు. దీనికి చక్కటి మందు ఫారం ఆట్రిబ్యూట్: ఫారంకు ఒక ఐడీ ఇచ్చి, బయటికి వెళ్లే ప్రతి బటన్, ఇన్‌పుట్ మీద ఫారం ఆట్రిబ్యూట్‌లో ఆ ఐడీ రాస్తే అవి పేజీలో ఎక్కడున్నా ఆ ఫారంవే.

రేడియో బటన్లలో నష్టం ఇంకా గుట్టుగా జరుగుతుంది. ఒకే పేరు, ఒకే ఫారం ఉన్న రేడియోలు ఒక గుంపు. టిక్ ఉన్న రేడియోను అదే పేరు గల గుంపున్న ఇంకో ఫారంలోకి జరిపితే, అక్కడ అప్పటిదాకా టిక్ ఉన్నది ఆరిపోతుంది. కొత్తగా వచ్చినదే గెలుస్తుంది. ఛేంజ్ ఈవెంట్ రాదు కాబట్టి కోడ్‌కు తెలియదు. డ్రాగ్ చేసి వరుసలు మార్చుకునే ప్రశ్నాపత్రం లాంటి పేజీల్లో ప్రతి వరుసకూ వేరే పేరు ఉండేలా చూసుకోవాలి. డిసేబుల్ అయిన ఫీల్డ్‌సెట్ లోపలికి వెళ్లిన ఇన్‌పుట్ పనిచేయదు, బయటికి రాగానే పనిచేస్తుంది. అది కూడా ఈ కోవలోదే. లేబుల్ ట్యాగ్ లోపల చుట్టిన ఇన్‌పుట్‌ను ఒంటరిగా బయటికి తీస్తే లేబుల్‌తో సంబంధం తెగిపోతుంది, ఫర్ ఆట్రిబ్యూట్‌తో కట్టి ఉంటే నిలుస్తుంది.

సీఎస్‌ఎస్ విషయం ఎక్కువమందికి తెలిసిందే: కార్డు లోపలి బటన్‌కు అని రాసిన సెలెక్టర్లు వర్తించవు, పై నుంచి వారసత్వంగా వచ్చే ఫాంట్, రంగు, వేరియబుళ్లు మారతాయి. తెలియక దెబ్బతినేది పొజిషన్ ఫిక్స్‌డ్‌తో. పై ఎలిమెంట్లలో దేనికైనా ట్రాన్స్‌ఫార్మ్, ఫిల్టర్, పర్‌స్పెక్టివ్ ఉంటే ఫిక్స్‌డ్ ఎలిమెంట్ తెరను వదిలేసి దాన్నే ఆధారం చేసుకుంటుంది. పాపప్‌లను బాడీ చివరికి తోయడం అలవాటుగా మారింది ఇలాంటివి, ఓవర్‌ఫ్లో హిడెన్ కత్తిరింపులు, జెడ్‌ఇండెక్స్ గొడవలు తప్పించుకోవడానికే. ఆ అలవాటుకు ఇప్పుడు కాలం చెల్లింది. డైలాగ్ ఎలిమెంట్ 2022 మార్చి నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉంది. షోమోడల్‌తో తెరిచిన డైలాగ్, తెరిచిన పాపోవర్ పేజీ అంతటికీ పైన ఉండే టాప్ లేయర్‌లో కూర్చుంటాయి, పేరెంట్ కత్తిరింపులు, జెడ్‌ఇండెక్స్‌లు వాటిని అంటవు. ఫారం లోపల ఉన్నది ఫారం లోపలే ఉండిపోవచ్చు. పాపప్ కోసం మాత్రమే జరుపుతున్నట్టయితే ఆ కోడ్ తీసెయ్యడమే మేలు.

ఈవెంట్ల సంగతికి వస్తే, పాత పేరెంట్ మీద పెట్టిన డెలిగేటెడ్ లిజనర్‌కు (లోపలి ఎలిమెంట్ల క్లిక్‌లను పేరెంట్ దగ్గరే వినేదానికి) ఇక క్లిక్‌లు అందవు, కొత్త పేరెంట్ లిజనర్‌కు అందుతాయి. ఇది ఊహించదగ్గదే. క్లిక్ నడుస్తుండగానే జరిపితే మాత్రం లెక్క వేరు. ఈవెంట్ ఏ దారిలో పైకి వెళ్లాలో బ్రౌజర్ మొదట్లోనే నిర్ణయించేస్తుంది. బటన్ తన క్లిక్ లిజనర్‌లో తనను తానే ఇంకో పేరెంట్‌కు జరుపుకున్నా, ఆ ఈవెంట్ పాత పేరెంట్ గుండానే పైకి వెళ్తుంది. ఈలోగా డాక్యుమెంట్ మీద బయట క్లిక్ చేస్తే మెనూ మూసెయ్యి అనే లిజనర్ ఉంటే, అది మెనూ కంటెయిన్స్ టార్గెట్ అని అడుగుతుంది. బటన్ అప్పటికే మెనూలో లేదు, జవాబు కాదు అని వస్తుంది, మెనూ మూసుకుంటుంది. కంటెయిన్స్ బదులు ఈవెంట్ కంపోజ్డ్‌పాత్‌లో మెనూ ఉందా అని చూస్తే సరి. ఆ దారి ముందే రాసినది, జరపడం వల్ల మారదు.

ఆరులో మూడే ఎందుకు జరుగుతాయి

చిల్డ్రన్, చైల్డ్‌నోడ్స్ రెండూ లైవ్ కలెక్షన్లు. నోడ్ వెళ్లిపోగానే జాబితా అక్కడికక్కడే కుదించుకుపోతుంది. అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ అని ఆరు కార్డులున్నాయనుకుందాం. ఇండెక్స్ 0 నుంచి లెంగ్త్ దాకా లూప్ తిప్పుతూ ఒక్కొక్కటి జరిపితే, మొదటి అడుగులో అ వెళ్తుంది, 0లోకి ఆ వస్తుంది. లూప్ 1కి వెళ్లి ఇ కార్డును జరుపుతుంది. తర్వాత 2లో ఉన్న ఉ వెళ్తుంది. ఇండెక్స్ 3 అయ్యేసరికి లెంగ్త్ కూడా 3, లూప్ ఆగిపోతుంది. ఆ, ఈ, ఊ పాతచోటే మిగులుతాయి.

పాత పేరెంట్‌కు ఫస్ట్‌చైల్డ్ ఉన్నంతసేపూ దాన్నే జరుపుతూ పొమ్మని వైల్ లూప్ రాస్తే ఈ చిక్కు లేదు. లేదా స్ప్రెడ్‌తో చైల్డ్‌నోడ్స్ అన్నీ ఒకేసారి అపెండ్‌కు ఇవ్వొచ్చు. స్ప్రెడ్ ముందే జాబితా నకలు తీసుకుంటుంది. లక్షల్లో నోడ్‌లుంటే ఆర్గ్యుమెంట్ల పరిమితి దాటి ఎర్రర్ రావచ్చు, అప్పుడు వైల్ లూపే దిక్కు. క్వెరీసెలెక్టర్‌ఆల్ ఇచ్చేది లైవ్ కాదు, దాని మీద లూప్ తిప్పితే ఇబ్బంది లేదు. మధ్యలో ఆఫ్‌సెట్‌హైట్ లాంటి కొలతలు చదవకూడదు, చదివిన ప్రతిసారీ బ్రౌజర్ లేఅవుట్ అంతా తిరిగి లెక్కవేస్తుంది.

చిల్డ్రన్‌ను జరపాలా, చైల్డ్‌నోడ్స్‌ను జరపాలా అన్నది కూడా ఆలోచించాల్సిందే. హెచ్‌టీఎంఎల్‌లో ట్యాగ్‌ల మధ్య ఉన్న ఖాళీ, కొత్త లైన్లు టెక్స్ట్ నోడ్‌లు. ఎలిమెంట్లను మాత్రమే జరిపితే అవి పాతచోటే ఉండిపోతాయి. ఇన్‌లైన్‌బ్లాక్ బటన్ల మధ్య కనిపించే సన్నని సందు కొత్తచోట మాయమై బటన్లు అతుక్కోవడానికి కారణం ఇదే.

టేబుల్ వరుసలు

హెచ్‌టీఎంఎల్‌లో టీబాడీ రాయకపోయినా పార్సర్ తానే పెడుతుంది. కోడ్‌లో టేబుల్ మీద ఇన్సర్ట్‌బిఫోర్ కాల్ చేసి ఒక టీఆర్ ముందు పెట్టమంటే నాట్‌ఫౌండ్‌ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే ఆ టీఆర్ పేరెంట్ టేబుల్ కాదు, టీబాడీ. టేబుల్ మీద అపెండ్‌చైల్డ్ చేస్తే ఎర్రర్ రాదు కానీ వరుస టీబాడీ బయట పడుతుంది, టీబాడీకి రాసిన సీఎస్‌ఎస్, సార్టింగ్ కోడ్ దాన్ని చూడవు. వరుసలు జరిపేటప్పుడు ఎప్పుడూ గమ్యం టీబాడీస్‌లో మొదటిది కావాలి. ఇక తన లోపలి ఎలిమెంట్‌లోకే తనను జరపమంటే ఎక్కడైనా హయరార్కీరిక్వెస్ట్‌ఎర్రరే. డ్రాగ్ చేసే ఫోల్డర్ చెట్లలో కంటెయిన్స్‌తో ముందే తనిఖీ చేయాలి.

తిరిగి పాతచోటికి

మొబైల్‌లో ఒకచోట, పెద్ద తెర మీద మరోచోట ఉండాల్సిన ఎలిమెంట్‌ను తిరిగి తేవాలంటే పాత పేరెంట్‌ను, పక్క నోడ్‌ను గుర్తుపెట్టుకోవడం చాలదు. ఈలోగా ఆ పక్క నోడ్ పోయి ఉండొచ్చు. నమ్మదగిన పద్ధతి, జరిపే ముందు క్రియేట్‌కామెంట్‌తో ఒక ఖాళీ కామెంట్ నోడ్ చేసి ఎలిమెంట్ ముందు పెట్టడం. తిరిగి రావాల్సినప్పుడు ఆ కామెంట్ మీద రీప్లేస్‌విత్ కాల్ చేసి ఎలిమెంట్ ఇస్తే సరిగ్గా అదే చోటికి వస్తుంది, కామెంట్ తొలగిపోతుంది. ఐఫ్రేమ్ ఉంటే రీప్లేస్‌విత్ బదులు కామెంట్ ముందుకు మూవ్‌బిఫోర్ చేసి, కామెంట్‌ను విడిగా తీసెయ్యాలి. తెర వెడల్పు కోసం రీసైజ్ ఈవెంట్ వినకుండా మ్యాచ్‌మీడియా ఛేంజ్ వింటే, హద్దు దాటినప్పుడు ఒక్కసారే జరుగుతుంది.

రెండు చోట్లూ ఒకే గ్రిడ్‌లో ఉంటే అసలు జరపకుండా గ్రిడ్ ఏరియాలతో సీఎస్‌ఎస్‌లోనే మార్చొచ్చు. అప్పుడు ట్యాబ్ క్రమం, స్క్రీన్ రీడర్ చదివే క్రమం మాత్రం హెచ్‌టీఎంఎల్‌లో ఉన్నట్టే ఉంటాయి. బటన్లు, లింకులు ఉన్న భాగాల్లో చూపు ఒక దారిన, ట్యాబ్ మరో దారిన పోతుంటే కీబోర్డుతో పనిచేసేవాళ్లకు నరకం. అలాంటిచోట కష్టమైనా డామ్‌లోనే జరపాలి.

రియాక్ట్, వ్యూ పేజీల్లో

రియాక్ట్, వ్యూ లాంటి ఫ్రేమ్‌వర్క్ కట్టిన నోడ్‌ను దానికి చెప్పకుండా జరపకూడదు. రియాక్ట్ తన లెక్కలో పాత పేరెంట్‌నే ఉంచుకుంటుంది. తర్వాత ఆ నోడ్ తీయాల్సి వచ్చి పాత పేరెంట్ మీద రిమూవ్‌చైల్డ్ చేసినప్పుడు, తీయమన్న నోడ్ ఈ పేరెంట్ బిడ్డ కాదని నాట్‌ఫౌండ్‌ఎర్రర్ వస్తుంది. మన కోడ్ ఏదీ జరపకపోయినా ఇదే ఎర్రర్ వస్తోందంటే యూజర్ క్రోమ్‌లో గూగుల్ అనువాదం వాడుతున్నాడేమో చూడాలి. అది టెక్స్ట్ నోడ్‌లను తీసి ఫాంట్ ట్యాగ్‌లు పెడుతుంది. ఇంగ్లిష్ పేజీని తెలుగులోకి మార్చుకుని చదివేవాళ్లకు ఇది తగులుతుంది. అదృశ్యమయ్యే టెక్స్ట్‌ను ఒంటరిగా వదలకుండా స్పాన్‌లో చుడితే చాలావరకు తప్పుతుంది.

రియాక్ట్ 16 నుంచి, అంటే 2017 నుంచి, కాంపొనెంట్‌లోని భాగాన్ని డామ్‌లో మరోచోట పెట్టే క్రియేట్‌పోర్టల్ ఉంది. అందులో ఈవెంట్లు డామ్ దారిలో కాక కాంపొనెంట్ల దారిలో పైకి వెళ్తాయి. కానీ పోర్టల్ కంటెయినర్‌ను మధ్యలో మార్చితే రియాక్ట్ నోడ్‌ను జరపదు, లోపలిదంతా తీసేసి కొత్తగా కడుతుంది, స్టేట్ పోతుంది. ఇదే పని చేసే వ్యూ 3లోని టెలిపోర్ట్‌లో టు విలువ (ఎక్కడ పెట్టాలో చెప్పేది) మారిస్తే ఉన్న నోడ్‌లనే జరుపుతుంది, కాంపొనెంట్ స్టేట్ నిలుస్తుంది. పేజీ నుంచి విడిపడితే పోయేవి మాత్రం ఇక్కడా పోతాయి.

ఎవరు జరుపుతున్నారో అంతుపట్టకపోతే క్రోమ్ డెవ్‌టూల్స్‌లో ఎలిమెంట్స్ ప్యానెల్ తెరిచి, ఆ ఎలిమెంట్ మీద రైట్ క్లిక్ చేసి బ్రేక్ ఆన్‌లో నోడ్ రిమూవల్ ఎంచుకోవాలి. అపెండ్‌చైల్డ్ లోపల దాగిన తొలగింపు దగ్గర కూడా కోడ్ ఆగుతుంది, కాల్ స్టాక్‌లో ఏ ఫైలు, ఏ లైను అన్నది కనిపిస్తుంది.